నేను తిప్పిన బాణం

మొగులు మీదికెళ్లి దిగే మనుమరాలిని నేల మీద నిలవడి పడగొట్టబోయిన అవ్వను మీరు ఎన్నడన్న చూసిండ్రా? చూడకపోతే నన్ను చూడుండ్రి. నవ్వుకుంటే నవ్వుకోండ్రి గని ఆఖరుదాంక చదువుండ్రి. మా పిల్ల ఎట్ల దిగిందో నలుగురికి చెప్పకపోతే నాకు తిన్న బువ్వ అరగది.

మా మనుమరాలి పేరు శిరీష. మేం శిరి అంటం. జడ్చర్లల మందుల కంపెనీల నౌకరి. వారమంత తెల్లకోటు ఏసుకొని, మూతికి గుడ్డ కట్టుకొని గోలీలు పరీక్ష చేస్తది. ఆదివారం వచ్చిందంటే విమానమెక్కి దునుకుతది. అవును, దునుకుతది! ఎవ్వలు నూకరు, తనంతల తానే తలుపు కాడికి పోయి దునుకుతది! వీపుకు సంచి, సంచిల గొడుగు. అందరు పారాషూట్ అంటరు, నేను గొడుగనే అంట. మొదలు బయటి రాష్ట్రం పోయి నేర్చుకున్నది. ఇప్పుడు సాగర్ దిక్కు, నందికొండకు ఇవతల ఒక మైదానంల దునుకుతాంది.

నాకు అక్షరాలు నేర్పింది గూడ గా పిల్లే. అరవై దాటినంక పలక పట్టిన నేను. ఇప్పుడు గిట్ల కూసొని రాస్తున్ననంటే ఆ పుణ్యం శిరిదే. తప్పులుంటే మాత్రం దాన్ని అనకుండ్రి, నా చెయ్యే మొద్దుది.

లొల్లి ఎక్కడ మొదలైందంటే, శిరి గొడుగు మారుస్తనన్నది. ఉన్నదానికంటే చిన్నది తీసుకుంటదట. నాకు సమజ్ గాలే.

"అదేందే, పిల్ల పెరిగినకొద్ది లంగా పెద్దగ కుట్టిస్తం. నువ్వు పెరిగినకొద్ది నీ గొడుగు చిన్నగయితదా? బట్ట దొరుకుతలేదా?" అన్న.

శిరి పడి పడి నవ్వింది. "పెద్దది మెల్లగ దిగుతది అవ్వా, కొత్తోళ్లకు మంచిది. చిన్నది జోరుగ వస్తది. మాట బాగ ఇంటది. ఇటు అంటే ఇటు, అటు అంటే అటు. కాకపోతే దిగేటప్పుడు గూడ జోరే. గా జోరును ఆపుడు నేర్చుకోవాలె."

"మెల్లగ దిగేది ఉండంగ జోరుది ఎందుకే నీకు?"

శిరి నా పలక దిక్కు చూసింది. "మొదట్ల నువ్వు పలక మీద 'అ' ఎంత రాస్తుంటివి?"

"పలకంత."

"ఇప్పుడు?"

"ఒక్క గీతల పట్టిస్త."

"మరి పెద్దగనే రాయకపోయినవా? తప్పు పోకుండె గదా!"

నిజమే! చెయ్యి కుదిరినంక ఇగ పెద్దగ రాయబుద్ది కాదు. పలకంత అక్షరం రాసుకుంట కూసుంటే ముచ్చట ఎప్పుడు ముందుకు పోతది! గప్పుడు నాకు పిల్ల మాట ఎక్కింది.

నాకెక్కింది గని మా కోడలు సుజాతకు ఎక్కలే. బిడ్డ దునికే ఆదివారం సుజాత పొయ్యి ముట్టియ్యది. ఫోన్ ఎదురుంగ పెట్టుకొని కూసుంటది. "దిగిన అమ్మా" అని ఫోన్ వస్తేనే లేచి బియ్యం కడుగుతది. మా ఇంట్ల ఆదివారం బువ్వ ఎన్నడు టైముకు తినలే. అసొంటి మనిషి ముంగట "ఇగ జోరుది తెచ్చుకుంట" అంటే ఊకుంటదా? "మెల్లగ దిగేదానితోనే నా పానం పోతాంది, ఇగ జోరుదట!" అని ఒకటే గొడవ. శిరి తల్లి మాట దాటది. తల్లి సరే అనది. ఇద్దరి నడుమ మాటలు బందయినయి. కూర గిన్నె గూడ నా చేతుల మీదికెళ్లి అటిటు పోవుడే.

ఆఖరుకు సుజాతే అన్నది: "అత్తమ్మా, నువ్వు పో. నీ కండ్లతోని చూడు. చూసి ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వు సరే అంటే సరే. వద్దంటే మాత్రం ఆ చిన్న గొడుగు ముచ్చట ఇగ మన ఇంట్ల రావొద్దు."

శిరి నా దిక్కు చూసింది. అక్షరం దిద్ది, తప్పో ఒప్పో అని నేను దాని మొఖం దిక్కు చూస్తుంటి చూడుండ్రి, గట్ల.

ఇంట్ల తీర్పు చెప్పమని నన్ను ఎన్నడు ఎవ్వలు అడిగిండ్రు! పెట్టెలకెళ్లి ఇస్త్రీ చీర తీసిన.

ఆదివారం తెల్లారంగనే బయలెల్లినం. బస్సులు మారుకుంట పోవాలె. దేవరకొండ బస్సుల పక్క సీటామెకు, ఎనుక సీటాయనకు, అందరికి చెప్పిన, మా పిల్ల విమానంలకెళ్లి దునుకుతదని. కండక్టర్ ఇని, "ఈడ మాత్రం బస్సు ఆగినంకనే దిగుమను అవ్వా, నా తాన గొడుగు లేదు" అన్నడు. బస్సంత నవ్వింది. శిరి సిగ్గుతోని కిటికీ దిక్కు తిరిగింది. తిరిగితే తిరగనీ, నాకు మస్తు మంచిగనిపించింది.

బస్సులనే అడిగిన, గాలి ఎటున్నదో పైనున్నోళ్లకు ఎట్ల ఎరుకైతదని. "కట్టెకు గాలిసంచి కడ్తరు అవ్వా. గాలి సరిగ లేనినాడు అది ఏం చెప్పది, ఊకె వేలాడుతది. అందుకే నేల మీద బాణం పెడ్తరు. బాణం మూతి ఎటుంటే అందరం అటే మొఖం పెట్టి దిగాలె. ఒకలు ఇటు ఒకలు అటు వస్తే గుద్దుకుంటం" అన్నది. గీ మాట యాది పెట్టుకోండ్రి.

మైదానం అంటే ఒక పొడుగు సిమెంటు తొవ్వ, పక్కపొంటి ఎండిన గడ్డి, ఒక డేరా, డేరా కింద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. కోచ్ సారు మిర్యాలగూడ దిక్కు మనిషి, మిలటరీల చేసి వచ్చిండట. నన్ను చూడంగనే దండం పెట్టిండు. "మీ పిల్ల చెయ్యి బాగ కుదిరిందమ్మా. ఇయ్యాల దిగుడు గూడ చూసి చెప్త, చిన్న గుడ్డ ఇయ్యాల్నా, ఇంకిన్ని రోజులు ఆగాల్నా అని."

అంటే తీర్పు చెప్పేటోళ్లం ఇద్దరమన్నట్టు! నేను కుర్చీల జర నిటారుగ కూసున్న.

శిరి గొడుగు గుడ్డను నేల మీద పరిచి మడత పెట్టింది. నా పెండ్లి చీరను నేను గంత పైలంగ మడత పెట్టలే. సంచి వీపుకు కట్టుకొని నా కాడికి వచ్చింది. "అవ్వా, ఈ కుర్చీల కూసో. లేవకు. ఏది ముట్టకు. ఈడికెళ్లి మంచిగ కనిపిస్తది."

"సరే బిడ్డా" అన్న. అన్నప్పుడు నిజంగనే అన్న.

విమానం లేచింది. దాంట్ల మా పిల్ల, ఇంకిద్దరు కొత్త పిలగాండ్లు. సారు విమానం నడిపేటోళ్లతోని మాట్లాడే వాకీటాకీ పట్టుకొని సిమెంటు తొవ్వ ఆ కొసకు పోయిండు. విమానం పైకి పోవుడు మీరనుకున్నట్టు గాదు, తిరుగుతనే ఉంటది, తిరుగుతనే ఉంటది. నేను చాయ్ తాగిన. కూసుండి కూసుండి నడుము పట్టింది. ఊకె ఉన్న కండ్లు ఊకుంటయా? మైదానం నడుమ బాణం కనవడ్డది.

మంచమంత ఉన్నది. వెదురు బద్దల చట్రానికి కాషాయం గుడ్డ చుట్టిండ్రు. పక్కన కట్టెకు గాలిసంచి, పిండి ఒంపేసిన సంచి లెక్క వేలాడుతాంది. ఇగ గాలి ముచ్చట వచ్చిందంటే మా వాడకట్టుల నన్ను మించినోళ్లు లేరు. చిన్నప్పటిసంది కల్లంల తూర్పార పట్టిన చేతులివి! జొన్నలు, కందులు, ఏవన్న గానీ. పీట మీద నిలవడి చాట ఎత్తి పోస్తుంటే గింజ కాళ్ల కాడ పడేది, పొల్లు గాలి ఎంబడి పోయేది. గాలి ఇసుమంత మళ్లినా నా చెంపకు ఎరుకయ్యేది.

గప్పుడు గూడ ఎరుకైంది. సన్నగ గాలి తాకుతాంది. లేవొద్దన్నది గదా, కూసున్న కాన్నే వంగి చిటికెడు దుమ్ము తీసి ఇడిసిన. దుమ్ము సాగర్ దిక్కు పోయింది. బాణం మూతి చూస్తే దానికి ఉల్టా, మేం బస్సు దిగిన రోడ్డు దిక్కు!

అయ్యో! దుమ్ము అటు పోతాంది. పొల్లు పోస్తే అటే పోతది. గుడ్డ గూడ గాలిల తేలేదే గదా, అదీ అటే పోవాలె. వీళ్లు గాలికి ఎదురు బాణం పెట్టిండ్రు! అందరు బాణం మాటే ఇంటరాయె! నా పిల్ల గాలికి ఎదురుంగ ఎట్ల దిగుతది? గోడకు గుద్దుకున్నట్టు అయితదేమో!

"సారూ!" అని పిలిచిన. ఆయన ఆ కొసకు, తల మొగుల్ల పెట్టి ఉన్నడు. ఇనవడలే. పైన విమానం సప్పుడు తక్కువైంది. నా పానం ఆగలే. కొంగు నడుముకు చుట్టిన. పోయి బాణం మూతి పట్టుకొని గుంజిన. ఎండల ఉన్న మంచాన్ని నీడకు జరిపినట్టు మెల్లమెల్లగ తిప్పి సాగర్ దిక్కు పెట్టిన. వంకర లేకుండ సరి గూడ చేసిన! వచ్చి కుర్చీల కూసొని, మిగిలిన చాయ్ గుటకేసి, పిల్ల పానం కాపాడిన అనుకున్న. గంత తృప్తిగ నేను ఎన్నడు చాయ్ తాగలే.

జర సేపటికి మూడు చుక్కలు కనవడ్డయి, చుక్కలు గొడుగులైనయి. రెండు పెద్దయి, పైన్నే మెల్లగ తేలుతున్నయి. మూడోది పచ్చది, మా పిల్లది. కొత్తోళ్లవాటికంటే చిన్నది గదా, ముందు అదే దిగొచ్చింది. బాణం చూసుకొని గిర్రున మళ్లి సాగర్ దిక్కు మొఖం పెట్టింది. నేను చెప్పినట్టే ఇన్నది అని మురిసిన.

గప్పుడే గాలి లేచింది. ఇంత సేపు వేలాడిన సంచి కడుపు నిండి అడ్డంగ నిలవడ్డది. ఆ కొసకెళ్లి సారు ఉరుక్కుంట వస్తాండు. "ఉల్టా! ఉల్టా!" అని ఒర్రుతాండు. ఏం ఉల్టా, ఇప్పుడే గదా సక్కగైంది అనుకున్న.

మళ్ల పిల్లను చూసిన. వామ్మో! దిగుడా అది? హైవే మీద మోటరుసైకిల్ వచ్చినట్టు వస్తాంది! ఇంటి కప్పంత ఎత్తుకొచ్చినంక శిరి తల ఒక్కపారి గాలిసంచి దిక్కు తిరిగింది. చూసింది. ఎరుకైంది దానికి.

"తిప్పకు! సీదా! సీదా రా!" అని సారు గొంతు చించుకుంటాండు.

నేను పిల్ల చేతులు చూసిన. రెండు చేతులల్ల రెండు పిడులుంటయి, వాటితోనే గొడుగును తిప్పుడు, ఆపుడు. ఆ చేతులు కదలలే. సీదా వచ్చింది. నేల దగ్గరికి రాంగనే రెండు పిడులు కిందిదాంక గుంజింది. కాళ్లు తాకినయి, జారినయి, పిల్ల కూలవడ్డది, పిర్రల మీద జర్రున జారుకుంట, దుమ్ము లేపుకుంట డేరా ముంగటికెళ్లి పోయి చాయ్ టేబుల్ అవతల ఆగింది.

చేతిల ఉన్న గ్లాసు పారేసి లేచిన.

దుమ్ములకెళ్లి మాట వచ్చింది. "అవ్వా! నేను మంచిగున్న!" మొఖమంత ఎర్రదుమ్ము. నడుము కిందికెళ్లి అంత పల్లేరు కాయలు, ముండ్లపంది లెక్క.

సారు మా దిక్కు చూడను గూడ చూడలే. సీదా బాణం కాడికి ఉరికి దాన్ని మళ్ల రోడ్డు దిక్కు తిప్పిండు. పైన ఇంకిద్దరున్నరు గదా! వాళ్లు బాణం చూసుకొని, గాలికి ఎదురుంగ మెల్లగ వచ్చి, మెట్టు దిగినట్టు దిగిండ్రు. గప్పుడు సారు మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని వంగి ఊపిరి తీసుకున్నడు.

"బాణం ఎవరు తిప్పిండ్రు?"

"నేనే!" అన్న. నా కర్మ గాకపోతే, గర్వంగ అన్న. "మీరు ఉల్టా పెట్టిండ్రు సారూ, నేను సక్కగ చేసిన. తూర్పార పట్టినదాన్ని, నాకు గాలి తెల్వదా?"

సారు తల పట్టుకున్నడు. శిరి పల్లేరు కాయలు పీక్కుంట వచ్చింది. "అవ్వా, నేను పొల్లునా?"

"అట్లెందుకంటవ్ బిడ్డా?"

"పొల్లు గాలి ఎంబడి పోతది. గొడుగు తనంతల తాను ముందుకు ఉరుకుతది. గాలికి ఎదురుంగ పెడితే గాలి దాని జోరును ఆపుతది, మెల్లగ కాలు పెడ్తం. గాలి ఎంబడి పెడితే దాని జోరుకు గాలి జోరు కలుస్తది. ఎట్ల వచ్చిన్నో చూసినవ్ గదా!"

"మరి గా సంగతి ముందుగాల చెప్పొద్దా?"

"లేవకు, ముట్టకు అని చెప్పిన గదా అవ్వా!"

నేను వంగి దాని బట్టలకున్న పల్లేరు కాయలు పీకుడు మొదలువెట్టిన.

సారు నా ముంగట నిలవడ్డడు. "అమ్మా, పైన ఆ ఇద్దరు పిలగాండ్లు కొత్తోళ్లు. వాళ్లు మీ బాణం చూసుకొని గిట్ల వచ్చుంటే?" గట్టిగ అనలే. గట్టిగన్నా మంచిగుండేది. రెండు చేతులు జోడిచ్చిన. "తప్పే సారూ. నన్నేమన్న అను. పిల్లను మాత్రం ఏమనకు. దాని తప్పేం లేదు."

సారు శిరి దిక్కు తిరిగిండు. "సంచి ఎప్పుడు చూసినవ్?"

"మస్తు కిందికొచ్చినంక సార్."

"మరి తిప్పలేదేం?"

"అంత కింద తిప్పితే గొడుగు పక్కకు ఒరిగి నేలకు కొడ్తది. జోరైనా సీదా దిగుడే నయం. మీరే చెప్పిండ్రు గదా సార్."

"చెప్పుడు అందరికి చెప్త" అన్నడు సారు. "భయమైనప్పుడు చేతులు ఆగుడు అందరితోని కాదు." మళ్ల నన్ను చూసిండు. "గాలి ఎంబడి దిగుడు అనేది ఒక పాఠం అమ్మా. గాలి తక్కువున్ననాడు నేను దగ్గరుండి నేర్పాల్సింది. మీరు చెప్పకుండ చెయ్యకుండ పరీక్షే పెట్టిండ్రు! గీ దిగుడు లెక్కల పట్టను, మళ్ల నా తీరుగ చేపిస్త. గని చేతులు చూసిన. చిన్న గుడ్డకు నా దిక్కుకెళ్లి సరే."

శిరి ఎగిరి దునకాలె గదా! దునకలే. ఫోన్ తీసి నా చేతుల పెట్టింది. ఇగ నా తీర్పు ఉన్నది.

మీకు అబద్ధం చెప్పను. మంచిగ దిగింది అని ఒక్క మాట చెప్పి ఊకుందామా అనుకున్న. గని ఉన్నదున్నట్టు చెప్పుమన్నది కోడలు.

"ఎట్ల దిగింది అత్తమ్మా?"

"పిర్రల మీద జారుకుంట దిగింది."

నేను గబగబ మొత్తం చెప్పిన. బాణం, దుమ్ము, పొల్లు, అంత.

"అత్తమ్మా! పిల్ల మంచిగ దిగుతాందో లేదో చూసి రమ్మంటే నువ్వే పడగొడితివా!"

"పడలేదు గదనే, అదే చెప్తున్న! నాకు భయమైంది. గని నా భయం పిల్లను చూసి గాదు, నన్ను చూసుకొని. ముసల్ది ఉల్టా తొవ్వ చూపెట్టినా అది సక్కగనే దిగింది. పలక పట్టిననాడు నా చెయ్యి ఎట్ల వణికిందో నీకెరుకే గదా? అంత జోరుల గూడ ఆ పిల్ల చేతులు వణకలే సుజాతా. నాది సరే."

"దెబ్బలు తాకినయా?"

"పల్లేరు కాయలు తప్ప ఏం లేవు."

"తెచ్చుకోమను" అన్నది మెల్లగ. "గని నువ్వు మళ్ల ఆడికి పోతే కుర్చీలకెళ్లి లేవనని ఒట్టేయి."

ఒట్టేసిన. ఫోన్ల బియ్యం కడుగుతున్న సప్పుడు ఇనొచ్చింది.

సారు అన్నట్టే ఆ పాఠం తన తీరుగ మళ్ల చేపిచ్చిండు. ఇంకెన్నో నేర్పిండు. ఆఖరుకు చిన్న గొడుగు వచ్చింది, నీలం రంగుది. మొదటిపారి దాంతోని దునికేనాడు మేం మళ్ల పోయినం. సుజాత గూడ వచ్చింది. బిడ్డను చూడడానికి గాదట, నన్ను కావలి కాయడానికట!

పోయి చూస్తే బాణానికి నాలుగు మూలల నాలుగు గూటాలు దిగ్గొట్టిండ్రు, మేకలను కట్టేసేటసొంటియి. సారు చేతుల ఇంకో గూటం ఉన్నది.

"అది ఎందుకు సారూ?" అన్న.

సారు నా కుర్చీ దిక్కు చూసిండు.

"అక్కర్లేదు సారూ" అని చూపించిన. ఒట్టు ఒట్టే! చీర కొంగు ముందుగాలనే కుర్చీకి ముడేసుకొని కూసున్న.

నీలం గొడుగు వచ్చింది. ఏం రావుడు! పిచ్చుక వాలినట్టు జోరుగ దిగొచ్చి, నేలకు జానెడు మీద తేలుకుంట పోయి, పిడులు గుంజంగనే మెత్తగ ఆగి, రెండు కాళ్ల మీద నిలవడ్డది మా శిరి! దుమ్ము లేదు, పల్లేరు కాయ లేదు. పక్కన సుజాత మొఖం మీద చేతులు పెట్టుకొని వేళ్ల సందులకెళ్లి చూస్తాంది. నాకు ఇగ ఒట్టు లేదు, గిట్టు లేదు. "నా బిడ్డే!" అని చప్పట్లు కొట్టుకుంట ఉరికిన.

కుర్చీ గూడ నా ఎంబడే ఉరికింది. ఎండిన గడ్డిల డబడబ ఎగురుకుంట, నన్ను ఎనుకకు గుంజుకుంట, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ! నేను ఎంత ఉరికితే అది అంత ఆపుతాంది.

శిరి కడుపు పట్టుకొని నవ్వింది. "అవ్వా, నీ గొడుగు మస్తు పెద్దగున్నది. జర చిన్నది తీసుకో!"